కుర్చీ ఇటు తిప్పు

గిరాకీ లేని మధ్యాహ్నం. సెలూన్ కుర్చీలో కూతురు. వెనక నిలబడి ఇంటర్వ్యూ ప్రశ్నలు అడుగుతున్న తండ్రి.

"అన్నీ గడగడా చెప్పేశావు తల్లీ!"

"అద్దంలో నిన్ను చూస్తూ కాబట్టి చెప్పాను నాన్నా. చిన్నప్పట్నుంచీ ఇక్కడ మన కబుర్లన్నీ ఇలాగేగా. ఎదురుగా మనిషుంటే నోరు పెగలదు."

"అయితే కుర్చీ ఇటు తిప్పు. నా మొహంలోకి చూసి చెప్పు. ఈ ఉద్యోగం నీకే ఎందుకివ్వాలి?"

"పని వచ్చు కనక. రానిది నేర్చుకుంటాను కనక."

"శభాష్! కళ్ళు దించలేదు, గొంతు వణకలేదు. ఇంకొక్క ప్రశ్నే మిగిలింది."

"అడుగు."

"ఇల్లొదిలి ఇంత దూరం వచ్చి ఉండగలవా?"

"ఉండగలను. కానీ నాన్నా..."

"ఊఁ?"

"అదొక్కటీ నా తల మీదుగా అద్దంలోకి చూస్తూ అడిగావేం?"