పదిహేను కిలోల గ్యాసు యాడికి పోయింది

భైంసాల పత్తి జిన్నింగు మిల్లు, దాని ఎనుక గెస్టుహౌసు. గెస్టుహౌసుల వంట గంగుబాయిది. సేర్లు పోయి కిలోలొచ్చి నాలుగేండ్లయినా ఆమె చెయ్యి ఇంకా మానెడు, సోలెడు లెక్కనే కొలుస్తది. బొంబాయి నుంచొచ్చిన వంటాయన మొన్ననే పని ఇడిసిపెట్టి పోయిండు. ఇగ గ్యాసుపొయ్యి పని ఆమె మీద పడ్డది. మధ్యాహ్నానికి పత్తి కొనెటోళ్లు ఎనిమిది మంది తిండికొస్తున్నరు.

లారీ డ్రైవరు హనుమండ్లు నాందేడు నుంచి కొత్త గ్యాసుడబ్బ తెచ్చిండు. కాంటా గుమాస్త రామచంద్రం దాన్ని తూకం ఏపించి, డబ్బ మీద చెక్కిన అంకెలు సదివిండు.

"వట్టి డబ్బ పదహారు కిలోలు. ఇప్పుడు తూగింది ముప్పయొక్కటి. అంటే లోపల పదిహేనే. పట్టేదేమో ముప్పై లీటర్లని రాసున్నది. మిగతా పదిహేను కిలోలు యాడికి పోయినయ్ హనుమండ్లన్నా?"

గంగుబాయి తల తిప్పి చూసింది. చుట్టూ పత్తి కుప్పలు. రెండేండ్ల కింద ఒక్క బీడీ రవ్వకే కుప్ప అంటుకుంటే, ఆర్పవోయిన హమాలి గంగయ్య చేతులు రెండూ కాలినయి. ఆ గంగయ్య ఇప్పుడు వరండాల ఆమె పక్కనే నిలవడ్డడు.

హనుమండ్లు మెట్టు మీద కూసోని మీసం దువ్విండు.

"గదేమన్న పెద్ద ముచ్చటనా? తొవ్వల జరంత కారింది. నేనే ఆపిన."

"కారిందా!" గంగయ్య రెండడుగులు ఎనకకు ఏసిండు.

"ఇనుండ్రి. భోకర్ దాటినంక అడివిల సుయ్యిమని చప్పుడు. పామనుకున్న. నాకు పాములంటే ఫికరే లేదు, గది మీకెర్కనే. చూస్తే డబ్బ మూతికాడ గ్యాసు! ఒక చేత్తోని స్టీరింగు పట్టుకున్న, ఇంకో చెయ్యి ఎనకకు చాపి బొటనవేలుతోని అదిమిన..."

"గంత పొడుగు చెయ్యి ఎక్కడిదే?" అన్నడు రామచంద్రం.

"ఆపదల చెయ్యి సాగుతది తమ్మీ. అటెన్క ఏమైందో ఎర్కేనా? వేలు ఆగలే. గ్యాసు ఒక్క లీటరు కారితే మూడు వందల లీటర్ల గాలైతది. లారీ బుగ్గ లెక్క ఉబ్బి, చక్రాలు నేల ఇడిసినయ్! వాగు మీద వంతెన లేకున్నా దాటిన, నీళ్లల్ల నా లారీ నీడ చూస్కుంట. కింద బర్లు కాసెటోళ్లు దండం వెట్టిండ్రు. ఇంతల మన మిల్లు పొగగొట్టం కనవడ్డది. గీ గాలి మిల్లుల చొరవడ్డదా, ఒక్క రవ్వకు ముథోల్ దాకా బూడిదే! మీరందరు యాదికొచ్చిండ్రు. డబ్బ మూతికి నోరు వెట్టి గటగట తాగిన."

ఎవ్వలు నవ్వలే. గంగయ్య తన చేతులు చూసుకున్నడు.

"ఇంకా నీ కడుపులనే ఉన్నదా?" అని మెల్లగ అడిగిండు.

"సగమున్నది." హనుమండ్లు గొంతు తగ్గించిండు. "సగం బయటనే. గ్యాసు కంటికి కనవడదు, పిల్లి లెక్క నేల మీద పాకుతది. గీ వరండాల గూడ ఉండొచ్చు. మూడు దినాలు నేను తేన్చినప్పుడు దగ్గర అగ్గిపుల్ల గియ్యకుండ్రి."

గంగయ్య పత్తి షెడ్డు తలుపులు మూయనీకె ఉరికిండు. మిల్లు ఆపుమని కూత పెట్టనీకె రామచంద్రం లేచిండు. గంగుబాయి చేతుల ఉన్న అగ్గిపెట్టె కింద పడ్డది. ఈ పని వద్దు, తాళాలు ఇచ్చి ఇంటికి పోత అనుకున్నది. పోయే ముందు, పానం గుప్పిట్ల పట్టుకొని డబ్బ కాడికి పోయి వంగి చూసింది. శాన సేపు చూసింది.

"హనుమండ్లు దాదా."

"ఏందమ్మా?"

"మూతికి సీలు వేసినది వేసినట్టే ఉన్నది. తీగ సుత తెగలే. నోరెట్ల పెట్టినవ్?"

హనుమండ్లు మెట్టు మీదికెళ్లి లేచిండు.

"మరి పదిహేను కిలోలు?" అన్నడు రామచంద్రం.

"మానెడు జొన్నలు, మానెడు పత్తి ఒక్కతీరు తూగుతయా బిడ్డా? లీటరు నీళ్లయితే కిలో. గిది నీళ్లు కాదు. లీటరుకు అర్ధకిలో, జర అటిటు అని బొంబాయి వంటాయన చెప్పింది ఇప్పుడు యాదికొచ్చింది. ముప్పై లీటర్లకు పదిహేను. ఒక్క చుక్క పోలే."

రామచంద్రం వేళ్ల మీద లెక్క చూసుకొని కూలబడ్డడు. హనుమండ్లు తువ్వాలతోని మొకం తుడుసుకున్నడు.

"గా మాట ముందే చెప్పరాదా గంగుబాయి! దొంగ అంటరేమోనని నా పానం సగమయింది."

గంగుబాయి సీలు తెంపి, వంటాయన చూపిన తీరుగ గొట్టం బిగించింది. కింద పడ్డ అగ్గిపెట్టె తీసింది. రెండు పుల్లలు ఆరినయి. మూడోదానికి పొయ్యి బుస్సుమని నీలంగ అంటుకున్నది.

గెస్టుహౌసు గేటు అవతల నుంచి, లారీ చాటు నుంచి హనుమండ్లు గొంతు వినవడ్డది:

"చూసిండ్రా! నేను ఇక్కడున్న అని ఎంత బుద్ధిగ మండుతుందో!"