క్లియోపాత్రా నుంచి సీదీ గాబెర్ దాకా

బ్యాంకులో పని ముగించుకుని నేను అతియ్యా కాఫీ కొట్టుకి చేరేసరికి రోజూ సాయంత్రం నాలుగున్నర అవుతుంది. ఆ రోజు పుదీనా టీ ముందు పెట్టుకుని నోరు జారాను.

"నవల రాయాలని చచ్చేంత కోరికగా ఉంది అతియ్యా, తీరికెక్కడ? పొద్దుట్నుంచీ కౌంటర్ ముందు క్యూ. ఇవాళ ఒకే ఒక్క వాక్యం తట్టింది. అదీ డిపాజిట్ స్లిప్పు వెనకాల గీకి జేబులో పెట్టుకున్నాను."

అంతే, రిఫాత్ బాబాయ్ నా వైపు తిరిగాడు. ఆయన కుర్చీ ఎప్పుడూ ట్రామ్ స్టాపుకి ఎదురుగా ఉంటుంది. ముప్పై ఒక్క ఏళ్లు ట్రామ్ కండక్టరుగా చేసి, రిటైరై తొమ్మిదేళ్లయినా, కుడి చెవి మీద పెన్సిల్ లేకుండా గడప దాటడు.

"తీరికా? వింటున్నావా అతియ్యా, వీడికి తీరిక కావాలట! ఒరేయ్ మమ్దూహ్, నీకు కూర్చోడానికి కుర్చీ ఉంది, నెత్తి మీద ఫ్యానుంది. నేను ముప్పై ఒక్క ఏళ్లూ ఒంటికాలి మీద ఉద్యోగం చేశానురా, రెండో కాలు ఎప్పుడూ ఎవడో ఒకడు తొక్కుతూనే ఉండేవాడు. అయినా నవల రాశానా లేదా? రాశాను. ఎప్పుడో తెలుసా? క్లియోపాత్రా స్టాపు నుంచి సీదీ గాబెర్ దాకా ఒకటిన్నర నిమిషం. ఎక్కినవాళ్లందరికీ టికెట్లు కొట్టేసి, నా చేతులు నావిగా ఉండే ఒకటిన్నర నిమిషం అదొక్కటే. టికెట్టు పుస్తకం తిరగేస్తే వెనకాల తెల్లగా ఉంటుంది కదా, అక్కడ రోజుకో వాక్యం. గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు, ఉన్నమాట చెబుతున్నాను."

"రోజుకో వాక్యమా? పర్లేదే" అన్నాడు అతియ్యా, హుక్కాలో నిప్పు మారుస్తూ.

ఆ 'పర్లేదు' బాబాయ్‌కి రుచించలేదు.

"రోజుకో వాక్యం మొదట్లోనయ్యా! చెయ్యి తిరిగాక ఎడమచేత్తో టికెట్లు కొట్టేవాణ్ణి, కుడిచేత్తో నవల రాసేవాణ్ణి, నోటితో 'లోపలికి జరగండి, లోపలికి జరగండి' అంటూనే ఉండేవాణ్ణి. ఈ చివర బండి కదిలితే ఆ చివర విక్టోరియా స్టాపు చేరేసరికి ఒక అధ్యాయం పూర్తి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రాసిన టికెట్లే జనానికి చించి ఇవ్వాల్సొచ్చింది, వేరే పుస్తకం ఎక్కడిది? ఒక్కొక్కరికి ఒక్కో వాక్యం. ఇక చూడు, స్పోర్టింగ్ స్టాపులో దిగాల్సిన పెద్దమనిషి దిగడే! పక్కవాడి టికెట్టులోకి తొంగిచూస్తూ విక్టోరియా దాకా వచ్చేశాడు, ఆఫీసు మానేసి. తిరుగుబండిలో మళ్లీ ఎక్కాడు. మూడు రోజులు దిగలేదు. పెళ్లాం అన్నం క్యారేజీ స్టాపు దగ్గర అందించేది."

"మూడు రోజులా!"

"ఆయన మూడు రోజులకే దిగిపోయాడంటే అర్థం చేసుకో, ఓపిక లేని మనిషన్నమాట. ముందు పెట్టె ఆడవాళ్లది కదా. వాళ్ల సంగతి చెప్పనా? నా కథానాయకుణ్ణి ఓ మంగళవారం చంపేశాను. ఆ వాక్యం ఎవరో టీచరమ్మ చేతిలో పడింది. పెట్టె పెట్టంతా ఘొల్లుమంది! గొలుసు లాగి బండి ఆపేసి, వాణ్ణి బతికిస్తే గానీ కదలనివ్వమని భీష్మించారు. వెనక పదకొండు ట్రాములు ఆగిపోయాయి. జరిమానా వేద్దామని ఇన్‌స్పెక్టర్ ఊగిపోతూ ఎక్కాడు. తనిఖీకని టికెట్టు తీసుకున్నాడు, తిప్పి చూశాడు, నా భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. ఏం చేస్తాను, బతికించాను."

గోడవారగా పుచ్చగింజలు ఒలుచుకుంటున్న ముసలాయన ఎవరో దగ్గాడు. ఆయన్ని కొట్లో ఎప్పుడూ చూడలేదు. బాబాయ్ అటు వీపు పెట్టి కూర్చున్నాడు, పట్టించుకోలేదు.

"పెళ్లిళ్లు కూడా జరిగాయిరా! ఒకడి వాక్యం ఎక్కడ ఆగిందో ఒక పిల్ల టికెట్టు అక్కడ మొదలైతే, కలిపి చదువుకోక ఏం చేస్తారు? అలా అరవైమూడు జంటలు. ఒకరింట్లో పిల్లలకి అధ్యాయాల వరసనే పేర్లు పెట్టారు. ఇదంతా ఒక ఎత్తు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? జనవరిలో తుఫాను గాలి వచ్చింది చూడు, చివరి అధ్యాయం మొత్తం నా చేతిలోంచి లాక్కుపోయి సముద్రంలో పారేసింది. మర్నాటి నుంచి అన్ఫూషీ రేవులో ఏ చేప కోసినా కడుపులో నా వాక్యమే! ఇల్లాళ్లు పొయ్యి వెలిగించడం మానేసి చేపలు కోసి చదువుకుంటున్నారు. బేరాలు కూడా తూకం మీద కాదు, ఏ అధ్యాయం చేప అని. ముగింపు మింగిన చేప ఎవరికీ దొరక్క, గ్రీకు ఓడ ఒకటి లంగరేసి నలభై రోజులు ఎదురుచూసింది. సముద్రానికి కూడా కథ తెలిసిపోయింది. అందుకే ఆ ఏడాది అలలు ఒడ్డు దాకా వచ్చి, ఆగి, ఆలోచించుకుని వెనక్కి వెళ్లేవి."

నేను నవ్వాపుకోలేక టీ గ్లాసు కింద పెట్టాను. "ఇంతకీ ఆ నవల ఇప్పుడెక్కడుంది బాబాయ్?"

"ఎక్కడుండటమేంటి, ఊరంతా ఉంది. ఇంటికో వాక్యం. సొరుగుల్లోనో, పాత కోటు జేబుల్లోనో." ఆయన గొంతు కాస్త తగ్గింది. "ఎప్పుడైనా ఒక్కచోట చేరితే చదువుకోవాలని నాకూ ఉంటుందిరా."

వెంటనే సర్దుకున్నాడు. "నమ్మకపోతే మా డ్రైవర్ లబీబ్‌ని అడుగు. ఇరవై రెండేళ్లు నా బండి నడిపాడు. పాపం కూతురి దగ్గరికి టాంటా వెళ్లిపోయాడు గానీ, ఇక్కడుంటే ఒట్టేసి సాక్ష్యం చెప్పేవాడు."

"చెబుతాను" అన్నాడు గోడవారనున్న ముసలాయన. "సాక్ష్యం చెప్పడానికే వచ్చాననుకో."

బాబాయ్ చెయ్యి పెన్సిల్ మీదికి వెళ్లి అక్కడే ఆగిపోయింది. మెల్లగా వెనక్కి తిరిగాడు.

"లబీబ్! ఎప్పుడొచ్చావ్ రా?"

"నీ ఇన్‌స్పెక్టర్ ఏడుస్తున్నప్పుడు." లబీబ్ ఒళ్లోని పొట్టు దులుపుకుని కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "రిఫాత్, ఇరవై రెండేళ్లు నిన్ను అద్దంలో చూశాను. నువ్వు రాసింది ఒకే ఒక్క వాక్యం. క్లియోపాత్రా దగ్గర మొదలుపెట్టావు. రాసేసి అద్దంలో నన్ను చూసి పెన్సిల్ ఊపావు, పెళ్లికొడుకులా వెలిగిపోతూ. ఈలోగా సీదీ గాబెర్ వచ్చింది, రైల్వే స్టేషన్ పక్క స్టాపు. రైలు దిగిన సిపాయిలు ఎనభై మంది ఒక్కసారి మీదపడ్డారు. కంగారులో టికెట్లు వరసగా చించి ఇచ్చేశావు, అది రాసింది కూడా."

అతియ్యా హుక్కా గొట్టం పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"విక్టోరియాలో ఇద్దరం మోకాళ్ల మీద పాకుతూ సీట్ల కింద వెతికాం. తర్వాతి షిఫ్టువాళ్లు తిట్టేదాకా వెతికాం. ఆ తర్వాత ఆ పెన్సిల్ నీ చెవి మీంచి దిగడం నేను చూడలేదు. అరవైమూడు పెళ్లిళ్లు కూడా చూడలేదు."

బాబాయ్ తల దించుకున్నాడు. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు.

"మంచి వాక్యం రా లబీబ్ అది."

"అయ్యుంటుంది. చివరి స్టాపులో చదివి వినిపిస్తానన్నావ్."

"అన్నాను కదూ."

నా నోరు ఊరుకోలేదు. "ఏమిటి బాబాయ్ ఆ వాక్యం?"

"అదే గుర్తుంటే ఇన్నేళ్లుగా ఇక్కడ కూర్చుని కోతలు కోస్తానా నాయనా? దాన్నే రాసుకునేవాణ్ణి, దాని తర్వాతది రాసుకునేవాణ్ణి." ఆయన ట్రామ్ స్టాపు వైపు చూశాడు. "ఆ సిపాయిలకి ఇప్పుడు నా వయసే ఉంటుంది. దిగేవాళ్ల మొహాలు చూస్తుంటాను. ఎవడి జేబులో ఉందో అని."

ఆ కుర్చీ ఎప్పుడూ అటే ఎందుకు తిరిగి ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. అదంతా గాలి కోసమనుకునేవాణ్ణి.

ట్రామ్ వచ్చింది. ఇద్దరు ముసలివాళ్లు దిగారు. బాబాయ్ మొదటిసారి అటు చూడకుండా నా జేబు వైపు చూశాడు.

"అది రేపు ఖాతాదారుడెవడికో చించి ఇచ్చెయ్యకముందే బయటికి తియ్యి."

"ఇంకా బాగా కుదరలేదు బాబాయ్..."

"తియ్యరా."

తీశాను. స్లిప్పు చెమటకి మెత్తబడింది. బ్యాంకులో నాలుగేళ్లుగా ఎవరికీ చూపించని నా రాతని, ఇద్దరు ట్రామ్ ముసలివాళ్ల ముందు చదివాను. ఒక్క వాక్యమే కదా, అయిపోయింది.

లబీబ్ పుచ్చగింజలు నమలడం ఆపాడు. రిఫాత్ బాబాయ్ చెవి మీంచి పెన్సిల్ దించి నా చేతిలో పెట్టాడు.

"ఇంకోసారి చదువు" అన్నాడు. "తర్వాత ఏమైందో రాయి."