అభిప్రాయాలకు ఆఖరి రోజు

హైటెక్ సిటీ, 1999. కొత్త రోడ్డుకు డబ్బిచ్చే అంతర్జాతీయ సంస్థ ఆఫీసు. అధికారి కామేశ్వరరావు ముందు గుండ్లకుంట రైతు వీరేశం నిలబడి ఉన్నాడు. కంప్యూటర్ దగ్గర వాసంతి.

“కాయితం తీస్కోనని ఎన్నిసార్లు చెప్తవు సారూ? నూటపన్నెండు మంది ఏలుముద్రలున్నయి దీంట్ల!”

“వెయ్యి ఉన్నా తీసుకోను వీరేశం. రోడ్డు ప్లాను అరవై రోజులు వెబ్‌సైట్‌లో పెట్టాం. ప్రపంచంలో ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. ఇంతకంటే బాహాటంగా ఎలా అడుగుతారయ్యా?”

“మా ఊర్ల కరెంటే సక్కగుండది. గా కంప్యూటర్ల పెడితే మాకెట్ల ఎర్కైతది? జర మా దగ్గరికొచ్చి అడగనీకి ఏమైంది?”

“అడక్కపోతే ఇన్ని ఉత్తరాలెలా వచ్చాయి? జపాన్ నుంచి ఒకావిడ కూడా రాసింది. మీరే నోరు మూసుకు కూర్చున్నారు.”

“జపానామె ఇల్లు కూలుతదా సారూ?”

“ఇదిగో, వెటకారాలు నా దగ్గర వద్దు.”

“ఎటకారం గాదు. నా ఇల్లు కూలుతది. మా ఊరంత కూలుతది. కడుపు మండి అడుగుతున్న.”

“సార్, గడువుకి ఇంకా అరగంట టైముందండి. ఆయన చెప్పింది నేను ఎక్కించేస్తాను.”

“వాసంతీ, నీ పని నువ్వు చూసుకో.”

“ఇదీ నా పనేనండి. చెప్పండి వీరేశం గారూ.”

“రాయి బిడ్డా. మా ఇండ్లు కూలగొట్టొద్దు, రోడ్డు పక్కకెల్లి తియ్యుండ్రి అని రాయి.”

“ముందు ఊరు ఎంచుకోవాలి, లేకపోతే ఇది ముందుకు కదలదండి. నానక్‌రామ్‌గూడ... తెల్లాపూర్... గుండ్లకుంట లేదేంటి సార్?”

“లేదా? అయితే గొడవే లేదు! లిస్టులో లేని ఊరికి అభ్యంతరమేంటి? ఇక దయచేయవయ్యా.”

“ఏంది దయచేసేది? లిస్టుల లేకుంటే నా వాకిట్ల రోడ్డు కోసం రాళ్ళెవరు పాతిండ్రు?”

“అరవకు! సెక్యూరిటీని పిలుస్తాను.”

“పిలువు! ఎవ్వరొస్తరో రానీ. ఈడికెల్లి కదలను.”

“సార్... గుండ్లకుంట ఇంకో పేజీలో ఉందండి.”

“ఏమని ఉంది?”

“‘ఖాళీ స్థలం, జనం లేరు’ అని ఉందండి.”

“అది... సర్వేవాళ్ళిచ్చింది ఎక్కించాం, అంతే. నేనేమైనా ఊరూరా తిరిగి చూస్తానా?”

“చూసినట్టే రాసి ఉందండి. కింద మీ పేరుంది.”

“జనం లేరా? మరి పొద్దుగాల సంది ఎవరితోని కొట్లాడుతున్నవు సారూ?”