ఖాళీ మూల

జీతం పెంచేదాకా ఆడేది లేదని డెంకణికోట కబడ్డీ జట్టులోని పేరుమోసిన ఆటగాడు ఇంట్లోనే భీష్మించుకుని కూర్చున్నాడు. పోటీ ముగిసిన మర్నాడు పొద్దున్నే జట్టు యజమాని గడప దగ్గర కనబడగానే, బతిమాలడానికే వచ్చాడనుకుని లోలోపల నవ్వుకున్నాడు.

"ఓడిపోయినారా అన్నా?"

"గెలిచినామప్పా."

"నా మూలలో ఎవర్ని నిలబెట్టినావు?"

"ఎవర్నీ నిలబెట్టలేదు. ఆరుగురే ఆడినారు. నీ మూలలో నీ బనీను పరిచి, దాని మీద నిమ్మకాయ పెట్టినాను."

"చచ్చిపోయిన ఆటగాడికి కదన్నా అట్ల పెట్టేది."

"నీ మీద కోపంతో పెట్టినాను. అవతలోడు కూత పెట్టుకుంటా ఆ మూలకే వచ్చినాడు. వచ్చినోడు ఆడనే కూలబడినాడు. కాలు ఎవరో పట్టుకున్నారని ఒకటే ఏడుపు. చీలమండ మీద అయిదు వేళ్ళ గుర్తులు పడి ఉండాయి."

ఆటగాడు తన అరచేతులు చూసుకున్నాడు. చన్నీళ్ళలో నానినట్టు చల్లగా ఉన్నాయి.

"సరే అన్నా, పాత జీతానికే వస్తాను. రేపటినుంచి ఆడతాను."

"అది చెప్పేదానికే వచ్చినాను. నువ్వు రావద్దు. ఆ కాలు పట్టుకున్నోడు ఇంకా ఆ మూలలోనే ఉండాడు. కంటికి కనబడడు, జీతం అడగడు. నీ పేరు పెట్టి పిలిస్తే మాత్రం పలుకుతాడు."

"మరి నన్నేమని పిలుస్తావన్నా?"

యజమాని తల వంచుకుని చెప్పులు తొడుక్కున్నాడు. వచ్చినప్పటినుంచి ఆయన తనను ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదని ఆటగాడికి అప్పుడు తట్టింది.