ముప్పై ఐదుకి పాసు

ముక్తేశ్వరం శివారులో ఆదిలక్ష్మి ఇంటి అరుగు. నడక సరిగా రాని పిల్లల కోసం సర్కారు పెట్టిన సెంటరులో పనిచేసే టీచరు దుర్గాభవాని ఆ అరుగు మీద వచ్చి కూర్చుని చాలాసేపయింది. చెప్పడానికి వచ్చిన మాట ఇంకా నోట్లోంచి రాలేదు.

"రెండోది కూడా తీసుకోండి టీచరుగారూ. ఒక్కటే పెట్టకూడదంటారు."

"చాలండి. ఇదే ఇంకా తినలేదు."

"అదే చూస్తున్నాను. పాకుండ చేతిలో పట్టుకుని కూర్చున్నారు. పాకం ముదిరిందనా?"

"కాదండీ. బాగుంటుంది మీ చేత్తో చేస్తే. రత్నం ఏదండీ?"

"వీధిలో పంచడానికెళ్ళింది. ఒక్కతే, గిన్నె పట్టుకుని. గోడ పట్టుకోకుండా వెళ్ళిందండి. మీరు కాస్త ముందొచ్చుంటే చూసేవారు."

"పట్టుకోకుండానే?"

"ఆయ్. ఎడం కాలు ఈడుస్తాదనుకోండి. అయినా పట్టుకోదు. అది మీరిచ్చిన కాలేనండి."

"నేనేమిచ్చేనండీ. శుక్రవారం శుక్రవారం ఫిజియోథెరపీ ఆయన సెంటరుకి వచ్చి కాలు లాగుతారు చూడండి, ఆయనది ఆ గొప్ప."

"ఆయన లాగేసి వెళ్ళిపోతారు. మిగతా రోజులు నడవమ్మా, నడవమ్మా అని వెనకాల తిరిగింది మీరే కదా. మా ఆయన కూడా అదే అన్నారు. నిన్న కొబ్బరి దింపు తీస్తూ చెట్టు మీద నుంచే కేకేసి చెప్పేరంట తోటలో అందరికీ, మా రత్నం పాసయ్యిందని. కింద కాయలేరుకునేవాళ్ళు, ముందు దిగవయ్యా బాబూ, పడి ఛస్తావ్ అన్నారంట."

"గంగబాబుగారు కూడా పాసనే చెప్పేరా?"

"మరేం చెప్తారండి? ముప్పై ఐదు వచ్చింది కదా."

"పాసని ఎవరన్నారండీ మీకు? క్యాంపులో ఎవరైనా అన్నారా?"

"ఎవరో అనాలాండి? ముప్పై ఐదొస్తే పాసే కదా. నేను టెన్తులో లెక్కలు ముప్పై నాలుగుతో పోయేనండి. ఒక్క మార్కు. ఆ ఒక్క మార్కుకే పుస్తకాలు అటకెక్కించి నాకు పెళ్ళి చేసేరు. ఆ ఒక్కటీ నా కూతురు తెచ్చుకుంది. మీరు నవ్వుతారు గానీ, ఫోనుకొచ్చిన సర్టిఫికెట్లో ఆ అంకె చూసి నేనేడిచేను."

"నేను నవ్వట్లేదండీ."

"మీరు ఫోను చేసి చెప్పేరు చూడండి, మంగళవారం క్యాంపులో డాక్టర్లు పరీక్ష చేస్తారు, తప్పకుండా తీసుకెళ్ళండని. ఆ పూట నుంచే మొదలెట్టేను."

"ఏం మొదలెట్టేరు?"

"తయారు చెయ్యడం. పరీక్షన్నాక తయారు చెయ్యొద్దా?"

"ఆదిలక్ష్మిగారూ..."

"వినండి, మీకు చెప్పాలనే ఉంది నాకు. పెరట్లో రెండు కొబ్బరిచెట్ల మధ్య నడిపించేను. దాన్ని ఈ చెట్టు దగ్గర వదిలేసి, నేను ఆ చెట్టు దగ్గర నుంచుని రావే అనేదాన్ని. పడింది. లేపలేదండి. నువ్వే లెగాలన్నాను. మెట్టెక్కడం, వంగి చెంబు తియ్యడం, ఒంటికాలి మీద నుంచోడం, అన్నీ నేర్పేను. ఏమడుగుతారో తెలీదు కదా. సిలబస్ చెప్పలేదు మీరు."

"సిలబస్సా..."

"క్యాంపులో మిగతా తల్లుల్ని చూస్తే జాలేసిందండి. ఒకావిడ ఇంత పిల్లాణ్ణి చంకనెత్తుకొచ్చింది. బయట వరండాలో వాడు చక్కగా నడిచేడు, నేను చూసేను. లోపలికి పిలవగానే ఎత్తేసుకుంది. ఏమీ తయారు చెయ్యలేదు కాబోలు, పాపం అనుకున్నాను."

"ఆవిడకి తెలుసండి."

"ఏం తెలుసు?"

"ఏం లేదు. డాక్టరుగారు ఏమేం అడిగేరు రత్నాన్ని?"

"నడవమన్నారు. నడిచింది. కూర్చోమన్నారు, లెగమన్నారు. కాలు మడిచేరు, చాపేరు. ఎక్కడైనా నెప్పుందా అమ్మా అన్నారు. లేదండి అంది. ఎంత దూరం నడుస్తావంటే, ఎంతైనా నడుస్తానండి అంది. ఆయన నవ్వేసి వెరీగుడ్ అన్నారు. వెరీగుడ్ అన్నాక కూడా ముప్పై ఐదే వేసేరేంటి, ఇంకో పది వెయ్యొచ్చు కదా అనుకున్నాను మనసులో. మరీ ఆశకి పోకూడదని ఊరుకున్నాను."

"నెప్పి లేదందా?"

"లేదు కదా మరి. ఉంటే నాకు తెలీదా? తల్లిని."

"మీరు చెప్పించేరా అలా?"

"ఏమడిగినా బాగుందండి అనవే, సణిగితే మార్కులు పోతాయి అన్నాను. అంతే. టీచరుగారూ, మీకు ఒంట్లో బాలేదా? మొహం అలా అయిపోయిందేంటి?"

"ఆదిలక్ష్మిగారూ, ఆ మాట నాదేనండి. పరీక్షన్నది నేనే. డాక్టరు పరీక్ష అది. చదువు పరీక్ష కాదు. నేను దగ్గరుండాల్సింది. ఆ రోజే నన్ను ట్రైనింగుకి వేసేరు. ఫోనులో ఇంకో రెండు మాటలు చెప్పుంటే..."

"ఏ పరీక్షయితేనేం, పాసయ్యింది కదా."

"పాసవలేదండి."

"అదేంటండీ, ముప్పై ఐదు..."

"ఆ అంకె మార్కు కాదండి. కాలు ఎంత పనిచేస్తోందో వెయ్యరు అక్కడ. ఎంత పనిచెయ్యట్లేదో వేస్తారు."

"అంటే, వందలో ముప్పై ఐదు పాళ్ళే బాలేదన్నమాట. అయితే ఇంకా మంచిదే కదండీ?"

"మంచిదే. మంచిదే అవ్వాలి మామూలుగా అయితే."

"మరి?"

"నలభై ఉండాలండి."

"దేనికి?"

"సెంటరుకి. ఇన్నాళ్ళూ ఏ కాయితం లేకుండానే కూర్చోబెట్టేను రత్నాన్ని. ఈ ఏటి నుంచి కుదరదన్నారు. నలభై, ఆపైన ఉన్న పిల్లలకే పైనుంచి డబ్బులొస్తాయి. ఆటోకి, కాలికేసే బూటుకి, శుక్రవారం వచ్చే ఆయనకి, అన్నిటికీ తలల లెక్కే."

"మా రత్నానికి తల లేదాండి?"

"ఉందండి. లెక్కలో లేదు."

"ఎవరిచ్చే డబ్బులండి అవి?"

"కొంత ఢిల్లీ వాళ్ళది, కొంత మన రాష్ట్రానిది. వీళ్ళు లెక్క చూపిస్తే వాళ్ళు వేస్తారు, వాళ్ళు వేస్తే వీళ్ళు వదుల్తారు."

"మన సెంటరున్న బడికి రంగులేసేరు కదండీ మొన్న? నున్నటి పలకలు పరిచేరు, గోడకి ఇంత టీవీ పెట్టేరు. వాటికెక్కణ్ణించొచ్చినాయి మరి?"

"అది వేరే పద్దండి. ఆ డబ్బులు ఇటు తిప్పడానికి లేదు."

"ఆ పలకల మీద తడుంటే జారిపోతాది రత్నం. చెప్పేను హెడ్‌మాస్టారికి. చూద్దామమ్మా అన్నారు. సరేలెండి. సోమవారం ఆటో రాదా అయితే?"

"రాదండి."

"మా సొంతంగా దింపుకుంటాం. మా ఆయన సైకిలుంది. వెనకాల కూర్చోబెట్టుకుని దింపేసి తోటకెళ్తారు."

"ఎక్కడికి దింపుతారండీ? సెంటరే ఉండట్లేదు."

"ఉండకపోవడమేంటి?"

"రత్నంతో కలిపి సరిగ్గా సరిపోయేవారు పిల్లలు. ఒక్కరు తగ్గినా పక్క మండలం దాంట్లో కలిపేస్తామన్నారు. కలిపేసేరు. నిన్న కాయితం వచ్చింది."

"ఒక్కరు తగ్గినా."

"ఆయ్."

"ఒక్క మార్కు లాగే. మరి మీరో?"

"నన్నెక్కడ వేస్తే అక్కడికి. వేస్తే."

"అదేం మాటండీ. ఇన్నేళ్ళు చేసేక కూడా వేస్తే అంటారేంటి?"

"కాంట్రాక్టు వాళ్ళం కదండీ. నా సంగతి వదిలెయ్యండి."

"పోనీ మామూలు బళ్ళోనే కూర్చుంటాది. మెట్లెక్కడం నేర్పేనుగా."

"ఎక్కుతుందండి. ఇప్పుడు."

"ఇప్పుడేంటి, ఎప్పుడూ ఎక్కుతాది."

"లాగడం ఆపితే పిక్క బిగుసుకుంటుందండి. నానబెట్టిన పీచుతాడు ఎండితే ఎలా బిగుస్తుందో అలా. మడమ నేలకి ఆనదు. మొదట్లో మునివేళ్ళ మీద నడిచేది, గుర్తుందా మీకు?"

"గుర్తు లేకేం. పిచ్చికలా గెంతుతోందే అని మా అత్తగారు ముద్దు చేసేవారు. నేనేమో వంగి ఆ మడమ నేలకి నొక్కేదాన్ని. నేను లాగుతానండి కాలు. ఆయన ఎలా లాగుతారో చూసేను."

"లాగండి. ఎలా పట్టుకోవాలో నేనూ చూపిస్తాను. కానీ ఎదిగే పిల్లండి. కాలు పెరిగేకొద్దీ బూటు మార్చాలి. ఎక్కడ ఎంత లాగాలో, ఎక్కడ ఆపాలో మనకి తెలిసేది కాదు. నాకూ పూర్తిగా తెలీదు."

"దీనికి సప్లిమెంటరీ లేదాండి?"

"ఏంటండీ?"

"సప్లిమెంటరీ. పోయినవాళ్ళకి మళ్ళీ పెడతారు చూడండి. నన్నయితే రాయనివ్వలేదు మా నాన్న. దీన్ని నేను రాయిస్తాను."

"ఉందండి. అర్జీ పెట్టుకుంటే వచ్చే క్యాంపులో మళ్ళీ చూస్తారు."

"ఇంకో ఐదు తేవాలంతేగా. ఏం చెయ్యమంటారు? నడవొద్దని చెప్పనా దానికి? చంకనెత్తుకుపోనా నేను కూడా?"

"అలా చెయ్యమని నేనెలా చెప్తానండీ. నడవమ్మా, నడవమ్మా అన్న నోటితోనే..."

"మరి ఐదు ఎలా వస్తాయండి?"

"ఏం చెయ్యక్కర్లేదు."

"ఏం చెయ్యకపోతే ఎలా వస్తాయి?"

"ఊరుకోండి. ఏడాది ఊరుకుంటే అవే వస్తాయి. నలభై కాదు, యాభై కూడా వేస్తారు."

"టీచరుగారూ."

"చెప్పండి."

"బాగుచేసి తీసుకెళ్తే వద్దంటారా? పాడుచేసి తీసుకొస్తే రమ్మంటారా?"

"ఆయ్."

"ఈ మాట చెప్పడానికేనా పొద్దున్నే వచ్చేరు?"

"ఆయ్. ఫోనులో చెప్పలేకపోయేను. ఇంకోసారి ఫోనులో మాట తప్పిపోకూడదని..."

"ఊరందరికీ పాకుండలు పంచేనండి నేను. ఎదురింటి మరియమ్మగారైతే రత్నం నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన కూడా చేసేరు. ఇప్పుడేం చెప్పను వాళ్ళకి? పాసవడం వల్ల పోయిందని చెప్పనా?"

"ఊరుకోండి ఆదిలక్ష్మిగారూ. ఏడవకండి. అదిగో, పిల్ల వస్తోంది."

"చూడండి, చూడండి. పట్టుకోకుండానే వస్తోంది కదా? నే చెప్పలేదా?"

"చూస్తున్నానండి."

"దానికి చెప్పకండి. పాసయ్యేననుకుంటోంది. ఈ పూటకి అలాగే ఉండనీయండి."

"చెప్పనండి."

"అమ్మా, అయిపోయినాయి. మరియమ్మ మామ్మ రెండు తీసుకుంది, ఒకటి మనవడికంట. టీచరుగారండీ, నేను పాసయ్యేనండి."

"తెలుసమ్మా. అందుకే వచ్చేను."

"మీరు తినలేదేంటండి? బాలేదా?"

"తింటున్నానమ్మా. ఇదిగో. చాలా బాగుంది."

"నేను మెట్టు కూడా ఎక్కేనండి, వాళ్ళింటి దగ్గర. గిన్నె పట్టుకుని. అమ్మా, ఏడుస్తున్నావేంటి?"

"ఏడవడం లేదే. పొయ్యి పొగ."

"పొయ్యి ఎప్పుడో ఆర్పేసేవుగా."

"ఆరిపోయినా పొగుంటాది. నువ్వొచ్చి ఇలా కూర్చో."

"మళ్ళీ పరీక్షుందా అమ్మా? టీచరుగారు అందుకొచ్చేరా?"

"లేదమ్మా రత్నం. పరీక్షేం లేదు. ఊరికే వచ్చేను నేను."

"నిజంగా? మళ్ళీ ఆ డాక్టరుగారు అడగరా?"

"అడగరే. అయిపోయింది పరీక్ష. ఇంక నిన్నెవరూ ఏమీ అడగరు."

"అయితే అమ్మా, ఇప్పుడు నెప్పని చెప్పొచ్చా?"