టువాల కింద ఎప్సిలాన్

"రేపు నా మొదటి క్లాసు జేజినాయనా, ఎమ్మెస్సీ పిల్లోళ్లకు. అనాలిసిస్ ఇచ్చినారు నాకు. నువ్వు ఎట్ల మొదులుపెట్టేటోనివి?"

ఎట్ల మొదులుపెడతారమ్మీ, నోరు తెరిచి! ఆ ఫోను యాడ పెట్టినావు? రికార్డు అయితాందా? ఆడనే ఉండనీ. దగ్గరికి తోయొద్దు, నా గొంతు ఎట్లా పెద్దదే.

నేను మొదట్లో బడికి పోయినోన్ని కాదు, నీకు తెలుసు గదా. పగలంతా మేకల ఎనక, పొద్దుగూకినాక మన చర్చి వసారాలో రాత్రిబడి. అయ్యవారు 'అ' దిద్దించినాడు. ఇంగ 'ఆ' దిద్దమంటే దిద్దలే. "దీని తర్వాత అదే ఎందుకు రావల్లనో ముందు చెప్పు అయ్యవారూ" అన్నా. శానా దినాలు 'అ' కాడనే కూర్చున్నా. ఆయన తల కొట్టుకోని, "వీడు లెక్కలకు తప్ప దేనికీ పనికిరాడు" అన్నాడు. ఆ మాటే నిలబడిపాయ.

లెక్కల అయ్యవారినైనాక యూనివర్సిటీలో నేను చెప్పేటివి రెండు పేపర్లు, నంబర్ థియరీ, అనాలిసిస్. నంబర్ థియరీ సుళువు. శెనక్కాయలు తెచ్చి బల్ల మీద పోసి, "సమానంగా వరసలు పేర్చండప్పా" అంటాంటి. ఎట్ల పేర్చినా ఒంటి వరస తప్ప కుదరకపోతే అది ప్రధాన సంఖ్య. ఒగటే చిక్కు. మధ్యలో ఎవడో ఒగడు ఒగ కాయ నోట్లో ఏసుకునేటోడు, ప్రధాన సంఖ్య కాస్తా వాని కడుపులోకి పోయేది. అప్పుడు బస్టాండు కాడ పావలాకు జోబి నిండా వచ్చేవి శెనక్కాయలు, ఇప్పుడు చూడు... యాడికో పోతాండా.

అనాలిసిస్ కాడ ఉండాది అసలు తిప్పలు. బోర్డు మీద ఎప్సిలాన్, డెల్టా రాస్తే చాలు, పిల్లోళ్లు తలకాయలు వంచుకునేటోళ్లు. నీకు తెలిసిందే అనుకో, నేను చెప్పేది ఇను. ఎప్సిలాన్ అంటే అవతలోడు పెట్టే షరతు, "నీ విలువ నేను చెప్పిన చోటికి ఇంత దగ్గరికి రావల్ల" అని. డెల్టా మన జవాబు, "అట్లయితే నువ్వు ఈ పక్క ఇంత దగ్గర నిలబడు, వస్తాది" అని. ఎవరు ముందు, ఎవరు తర్వాత, అంతా ఆడనే ఉండాది. పిల్లోళ్లు దాన్నే తిరగేసి రాసేటోళ్లు.

మా మేనమామ నందికొట్కూరు సంతలో ఎద్దుల దళారి. పెద్ద మామ కాదు, ఆయప్పకు ఎద్దంటేనే భయం, చిన్న మామ. సంతలో ఎద్దు బేరం నోటితో చెయ్యరు. చేతుల మీద టువాల కప్పి, లోపల ఏళ్లు పట్టుకోని నొక్కి ధర చెప్పుకుంటారు. ముందు అడిగేటోడు నొక్కల్ల, తర్వాతనే ఇచ్చేటోడు. అడగకముందే నొక్కినోన్ని చూసి సంతంతా నవ్వుతాది.

ఒగ దినం నాకు తిక్క పుట్టి, భుజం మీది టువాల తీసి ఇద్దరు మొగపిల్లోళ్ల చేతుల మీద కప్పినా. "నువ్వు ఎప్సిలాన్ నొక్కు, వాడు డెల్టా నొక్కుతాడు" అన్నా. క్లాసు పడి పడి నవ్వింది. ఆ దినం నుంచి ఒగరు గూడా తిరగేసి రాయలే.

రాయలే గానీ, పరీక్షలో సగం మంది ఏం రాసినారో తెలుసునా? "టువాల కింద మొదట ఎప్సిలాన్ ఇవ్వబడినది" అని! కోసిగి నుంచి వచ్చిన సుంకులమ్మ అనే పిల్ల అయితే టువాల బొమ్మ గూడా ఏసింది, అంచు చారలతో సహా.

పేపర్లు దిద్దేకి బయటి యూనివర్సిటీ నుంచి ఒగ ప్రొఫెసరు వచ్చినాడు. "ఏ పుస్తకంలోనూ లేని మాట ఇంతమంది రాశారంటే ఇది కాపీ. అందరినీ ఫెయిల్ చేస్తాను" అని కూర్చున్నాడు. మా హెడ్డు నన్ను పక్కకు పిలిచి, "ఏమప్పా, తప్పయిందని ఒగ మాట అనరాదా" అన్నాడు. నేను అంటానా? "పిల్లోళ్లను పిలిచి అడగమను" అని పట్టుపట్టినా.

ఆయన పిలిచింది సుంకులమ్మనే. బొమ్మ ఏసిందాయె. ఆ పిల్ల అమ్మానాయన ఏటా గుంటూరు దిక్కు మిరపకాయలు కోసేకి వలస పోతారు. "ఈతూరి తప్పితే చదువు చాలు, మాతో వచ్చేయి" అని చెప్పి పెట్టినారు.

"నిర్వచనంలో టువాల ఎక్కడుందమ్మా?" అన్నాడాయన.

"ఎవరు ముందు, ఎవరు తర్వాత అనే కాడ ఉండాది సార్."

"సరే, తిరగేద్దాం. డెల్టా ముందే చెప్పేయాలి. ఆ తర్వాత ఏ ఎప్సిలాన్ అడిగినా ఆ ఒక్క డెల్టాయే సరిపోవాలి. అప్పుడేమవుతుంది?"

అది నేను చెప్పలేదమ్మీ క్లాసులో! టువాల కొస నలుపుకుంటా నిలబడినా. ఆ పిల్ల కిటికీ దిక్కు చూసి చెప్పింది,

"అది పండుకున్న ఎద్దు సార్."

"ఏమిటీ?"

"ఎంత గీసి అడిగినా మాట మారకూడదంటే ఎద్దు కదలకూడదు సార్. ఆ చుట్టుపక్కల ఫంక్షన్ కదలదు, అంతా ఒగటే విలువ. రవ్వంత తేడా ఉన్నా, ఆ తేడాలో సగమే ఎప్సిలాన్ అని అడుగుతా, దొరికిపోతాది." సుద్దముక్క తీసుకోని బోర్డు మీద రుజువు గూడా రాసేసింది.

ఆయన కళ్లద్దాలు తీసి ఒగటే నవ్వు. "ఇది పక్కవాళ్లది చూసి రాసేది కాదు" అని అందరి పేపర్లూ మళ్లా దిద్దినాడు. సుంకులమ్మ పాసాయ. ఆయన పోతా పోతా నాతో, "ఆ టువాల నాకివ్వండి, మా పిల్లలకూ చూపిస్తాను" అన్నాడు. ఇయ్యనన్నా. మా మామది అది, ఎట్లిస్తా?

"ఇప్పుడు ఆయమ్మ యాడుండాది జేజినాయనా?"

డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్తాండాది. "నేర్చుకునేకి టువాల, పరీక్షలో మాత్రం రాయొద్దండప్పా" అని ముందే చెప్తాదంట పిల్లోళ్లకు. నాకంటే తెలివైంది.

అదో, ఆ గోడ కొయ్యకు టువాల ఉండాది చూడు, తీసుకో. రేపు భయమైతే భుజాన ఏసుకో, నవ్వేటోళ్లు నవ్వనీ. ముందు పిల్లోళ్లను అడగనీ, తర్వాత నువ్వు చెప్పు. దేవుడు నీకు ఎదురు ప్రశ్న అడిగే పిల్లోళ్లను శానామందిని ఇయ్యల్ల తల్లీ.

సాయంత్రం టువాల తెచ్చి ఆ కొయ్యకే తగిలించు. ఇచ్చేయలేదు నీకు, పిల్లోళ్లకు చూపించేకి ఇస్తాండా, అంతే...