పదిహేడో వీధి మలుపులో పైకి చూసే మనిషి

ఈ ఉదయం ఈ వేదిక వెనక పోస్టరు కట్టడానికి వచ్చిన మనిషి నిచ్చెన ఎక్కి, మేకు కొట్టబోయే ముందు జేబులోంచి చేతిరుమాలు తీసి పోస్టరులోని బొమ్మ కళ్ళ మీద వేశాడు. పని అయ్యాక రుమాలు తీసి మడిచి జేబులో పెట్టుకుని, మళ్ళీ అటు చూడకుండా దిగిపోయాడు. నేను కుర్చీలు సర్దుతూ ఎందుకలా చేశావని అడిగాను. "చూస్తుంటే సుత్తి వేలి మీద పడేట్టుందమ్మా" అన్నాడు.

అధ్యక్ష స్థానంలో ఉన్న మా డైరెక్టర్ గారికి, ముందు వరసలో కూర్చున్న పెద్దలకు, ఇవాళ ఉద్యోగం విరమిస్తున్న మేస్త్రీ గారికి, వారి శ్రీమతి గారికి, వెనక వరసల్లో టీ కప్పులు పట్టుకుని ఈ అమ్మాయి ఎప్పుడు ముగిస్తుందా అని చూస్తున్న మిత్రులకు నమస్కారం. (నవ్వులు)

నేను మాట్లాడే మనిషిని కాదు. కాన్వెంట్‌లో చదివే రోజుల్లో వక్తృత్వ పోటీకి పేరు పిలిస్తే కడుపునొప్పి అని చెప్పి లైబ్రరీలో దాక్కునేదాన్ని. మా సిస్టర్ వచ్చి, పుస్తకం మూయించి, "నీకు నొప్పి కడుపులో కాదు, గొంతులో" అనేది. అందుకే రాసుకొచ్చాను. కాగితంలో లేని మాట నా నోట రాదు కాబట్టి దయచేసి మధ్యలో ఎవరూ ఏమీ అడగకండి.

నన్నే ఎందుకు మాట్లాడమన్నారంటే, మేస్త్రీ గారు మన ఆటలో కట్టిన ఊళ్ళో ఆయన తరవాత ఎక్కువ కాలం తిరిగింది నేను. నా ఉద్యోగం కంప్యూటర్ ఆట ఆడి అందులో తప్పులు పట్టడం. మూడేళ్ళుగా రోజుకు ఎనిమిది గంటలు కార్లు దొంగిలించి, మనుషుల్ని కాల్చి, పోలీసుల నుంచి పారిపోయి, సాయంత్రం బస్సెక్కి ఇంటికి వెళ్తున్నాను. చుట్టాలెవరైనా అడిగితే మా నాన్న "కంప్యూటర్లలో ఏవో తప్పులు దిద్దుతుందిలెండి" అని మాట మార్చేస్తారు. (నవ్వులు)

ఇళ్ళ నుంచి వచ్చిన పెద్దల కోసం రెండు మాటలు. మా ఆట పాత పద్ధతిది. ఇప్పటి ఆటల్లో మనిషి వెంట నడుస్తున్నట్టు ఉంటుంది. మాదాంట్లో మేడ మీద నిలబడి కిందికి చూస్తున్నట్టు ఉంటుంది. కార్ల కప్పులు, ఇళ్ళ కప్పులు, మనుషుల నడినెత్తులు కనిపిస్తాయి. బొమ్మలన్నీ చిన్న చిన్న చుక్కలతో గీసినవి. ఊరంతా తెరిచే ఉంటుంది. ఎక్కడికి వెళ్ళాలో, ఎవర్ని కాల్చాలో మీ ఇష్టం.

ఆ ఊరికి మొదటి వీధి నుంచి నలభై మూడో వీధి దాకా ప్రతి గోడా, ప్రతి మురుగు కాలువ మూతా గీసినవారు ఈయన. అందుకే మేస్త్రీ అన్నారు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప మా ఆఫీసులో ఎవరికీ గుర్తు లేదు.

తప్పులు రాయడం అలవాటైన చెయ్యి కదా, ముందు తప్పులే వస్తాయి, మన్నించండి. మా ఆటలో గురి కుదరదు. ఎదురుగా నిలబడ్డవాణ్ణి కాలిస్తే పక్కనున్న దీపస్తంభం పగులుతుంది. ఇచ్చే పనులన్నీ ఒకటే తీరు, ఫలానా చోటికి వెళ్ళు, కాల్చు, పారిపో. వంతెన కిందికి కారు వెళ్ళిందంటే మీరెక్కడున్నారో మీకే తెలియదు. పందొమ్మిదో వీధి, ఇరవై ఆరో వీధి కవలపిల్లల్లా ఉంటాయి. మా ప్రోగ్రామర్, మేమంతా తొందర అని పిలిచే మహానుభావుడు, తను రాసిన ఆటలో తనే దారి తప్పి ఒక మధ్యాహ్నమంతా ఆ రెండింటి మధ్యా తిరిగాడు. అదిగో, తల దించుకున్నాడు. (నవ్వులు) అన్నిటికంటే పెద్ద లోపమని నేను రాసింది వేరే. చనిపోయినవాళ్ళు పన్నెండు సెకన్లలో మాయమైపోతారు. తెర మీద బరువు పెరగకూడదని అలా పెట్టారు. పదమూడో సెకనులో ఆ వీధి శుభ్రంగా ఉంటుంది, ఏమీ జరగనట్టు.

ఇక మంచి. కారు మలుపు తిప్పితే వెనక చక్రాలు జారే తీరు ఒక్కటి చాలు, పొద్దుగూకేదాకా ఆడవచ్చు. పోలీసులు ఒక్కసారిగా మీద పడరు. ముందు ఒకడు తల తిప్పుతాడు, తరవాత దూరంగా ఒక సైరన్, తరవాత ఊరు మెల్లగా బిగుసుకుంటుంది. ఆ జనం. ఎంత చిన్నగా ఉన్నా ఎవరి నడక వారిదే. కాలు నొప్పి ఉన్నవాడు గోడ వైపున నడుస్తాడు. ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఒకే సంచికి చెరో పిడి పట్టుకుని వెళ్తారు. నడినెత్తి, భుజాలు, అంతే కనిపిస్తాయి, అయినా వయసు తెలిసిపోతుంది. ఇలా ఎలా గీయగలరని అందరూ అడిగేవారు. ఆయన "అలవాటు" అనేవారు.

ఆ అలవాటు ఎక్కడిదో నాకు తెలిసిన రోజు గురించి చెప్పాలి. ఇది చెప్పడానికి మేస్త్రీ గారి అనుమతి తీసుకున్నాను. డైరెక్టర్ గారు ముందుగా నన్ను క్షమించాలి, ఎందుకంటే ఆ రోజు నేను ఆఫీసు వేళల్లో నవల చదువుతున్నాను. (నవ్వులు) ఆట నడుస్తోంది. నా మనిషిని పదిహేడో వీధి మలుపులో, బట్టలు ఉతికే దుకాణం ముందు నిలబెట్టి, బల్ల కింద పుస్తకం తెరిచాను. అధ్యాయం అయ్యాక తలెత్తాను. దుకాణం మెట్టు మీద పసుపు స్వెటరు వేసుకున్న ఒకామె ఆగి ఉంది. ఆమెకు ముఖం ఉంది.

పైనుంచి చూసే ఆటలో ఎవరికీ ముఖం ఉండదు. ఆమె తల వెనక్కి వాల్చి పైకి, తెరలోంచి నా వైపు చూస్తోంది. నుదురు, రెండు కళ్ళు, కొద్దిగా తెరిచిన నోరు. తరవాత లెక్కపెట్టాను, మొత్తం పద్నాలుగు చుక్కలు. నా మనిషిని పక్కకు నడిపించాను. ఆమె అతన్ని చూడలేదు. తుపాకీ పేల్చాను. తూటాలు ఆమెలోంచి వెళ్ళి దుకాణం అద్దం పగలగొట్టాయి. ఆమె కన్ను ఆర్పలేదు. నేను తెర ఆపేసి, కాసేపు నల్లటి గాజు కేసి చూస్తూ కూర్చున్నాను. అందులో నా ముఖం కనిపిస్తుంటే దాన్నీ చూడలేకపోయాను.

లోపాల జాబితాలో రాశాను. పదిహేడో వీధి మలుపు, ఒకామె పైకి చూస్తోంది. గంటలో మేస్త్రీ గారు నా బల్ల దగ్గరికి వచ్చారు.

"ఎంతసేపు ఊరికే ఉన్నావు?"

"పదకొండు నిమిషాలుంటుందండీ."

"అంతసేపు కాల్చకుండా ఎవరూ ఉండరనుకున్నాను" అన్నారు.

ఆ లోపాన్ని కొట్టివేసి, పక్క కుర్చీ లాక్కుని, చాలా మామూలుగా చెప్పారు. ఈ ఉద్యోగానికి ముందు ఆయన పందొమ్మిదేళ్ళు వేరే ఊళ్ళో వీధి కెమెరాల గదిలో పనిచేశారట. గోడ నిండా తెరలు, ఎదురుగా ఒక కుర్చీ, ఒక ఫోను. ఊరంతా పైనుంచి. ఒక మధ్యాహ్నం ఒక మలుపులో ఇద్దరు కాల్చుకున్నారు. ఇద్దరికీ ఏమీ కాలేదు. అటుగా వెళ్తున్న ఒకామెకు తగిలింది. వాళ్ళు పారిపోయారు, జనం పారిపోయారు. ఆమె ఒక దుకాణం మెట్టుకు ఆనుకుని కూలబడి, చుట్టూ ఎవరూ లేకపోయేసరికి, స్తంభం మీద కెమెరా ఉందని గమనించి తల పైకెత్తింది. ఈయన ఫోను చేశారు. బండి వస్తోందన్నారు. అది రావడానికి పదకొండు నిమిషాలు పట్టింది. ఆ పదకొండు నిమిషాలూ ఆమె ఈయన్ని చూస్తూనే ఉంది. వస్తున్నారమ్మా అని చెప్పడానికి ఆ తెరకు నోరు లేదు.

క్షమించండి. నీళ్ళు తాగాను.

ఆమె పేరు ఆయనకు ఇప్పటికీ తెలియదు. ఆమె బతకలేదు. నేను ఈ ప్రసంగం రాసుకుంటూ మేస్త్రీ గారి శ్రీమతి గారికి ఫోను చేశాను. "ఆయన ఏ మేడ మీదా పిట్టగోడ దాకా రారమ్మా. బట్టలు ఆరేయడానికి కూడా నేనే వెళ్తాను" అన్నారు.

పదకొండు నిమిషాలు కాల్చకుండా ఉన్నవాళ్ళకే కనిపించేలా ఆమెను ఆటలో ఎందుకు పెట్టారని ఆయన్ని ఆ రోజు అడిగాను. ఎక్కడో ఒకచోట ఆమెకు తూటా తగలని వీధి ఉండాలనిపించిందన్నారు. ఏమీ చేయకుండా అంతసేపు చూస్తూ కూర్చునే మనిషి ఇంకొకరు ఉంటారని మాత్రం ఆయన అనుకోలేదు. ఉన్నాను. అప్పటినుంచి ఆ లోపాన్ని మళ్ళీ రాయలేదు. రోజూ ఒకసారి మాత్రం అక్కడికి వెళ్ళి పదకొండు నిమిషాలు నిలబడేదాన్ని. ఎందుకంటే చెప్పలేను. ఆమె ఒంటరిగా ఉందనిపించేది.

తరవాతది మీకందరికీ తెలుసు. కిందటి నెల ఆటను పరీక్ష కోసం ముందుగా కొన్ని వేల మందికి ఇచ్చాం. వాళ్ళలో ఒకరెవరో ఆట వదిలేసి అన్నానికి వెళ్ళి వచ్చేసరికి ఆమె కనిపించింది. ఆ వీడియో ఊరూరా తిరిగింది. వేల మంది ఆ మలుపులో చేరి కాల్చడం మానేసి నిలబడ్డారు. ఆమె తలెత్తగానే అందరూ కలిసి కాల్చారు. తగలట్లేదని ఉత్తరాలు రాశారు. మన ఆటలో గుర్తుపెట్టుకోవడానికి ఏమీ లేదన్నవాళ్ళే ఇదొక్కటి గొప్పగా ఉందన్నారు. నేను లోపమని రాసింది మన ఆటకు మొదటి గుణమైంది. పద్నాలుగు చుక్కల్ని తలుపంత పెంచి పోస్టరు వేశారు. నా వెనక ఉన్నది అదే. నేను అటు తిరగకుండా మాట్లాడుతున్నది అందుకే, అమర్యాద అనుకోకండి. సోమవారం ఆట విడుదలయ్యేనాటికి ఆమెకు తూటా తగిలేలా మార్చాలని, ముందుగా కొట్టినవారికి బహుమతి ఇవ్వాలని నిర్ణయించారు.

ఇందులో డైరెక్టర్ గారిని తప్పుపట్టను. ఆయనకు ఈ కథ తెలియదు. మేస్త్రీ గారు కారణం చెప్పకుండా, ఆమెను తీసేయమని రెండు వాక్యాల ఉత్తరం ఇచ్చారు. డైరెక్టర్ గారు ఎంతో ఆప్యాయంగా, మీరు గీసినవాటిలో జనానికి నిలిచిపోయేది ఇదేనండీ, దీన్ని తీసేస్తే మీకే అన్యాయం చేసినవాళ్ళమవుతామన్నారు. బుధవారానికి మేస్త్రీ గారి కంప్యూటరు అనుమతులన్నీ ముగిశాయి, పదవీ విరమణ నియమం ప్రకారం. తను గీసిన గీతను తను చెరపలేని స్థితి.

గురువారం నా బల్ల దగ్గరికి వచ్చారు. ఈసారి కూర్చోలేదు.

"అమ్మాయ్, ఆమెను తీసెయ్యి."

"నేను గీసేదాన్ని కాదు కదండీ. చూసేదాన్ని."

"నేనూ చూసేవాణ్ణేనమ్మా" అన్నారు.

నేను రెండు రాత్రులు సరిగా పడుకోలేదు. ఉద్యోగం పోతుందేమోనన్న భయం ఒకటి. ఇంకోటి, ఆమె లేకపోతే నేను రోజూ ఎక్కడికి వెళ్ళాలన్నది. రెండో భయమే పెద్దదని తెలిసినప్పుడు నా మీద నాకే సిగ్గేసింది.

మన ఆఫీసులో ఒక పద్ధతి ఉంది, కొత్తవాళ్ళకు తెలియకపోవచ్చు. తప్పులు పట్టే ప్రతి ఒక్కరికీ ఏడాదికి ఒక ఎర్ర చీటీ ఇస్తారు. దాని మీద తప్పు రాసి ప్రోగ్రామర్ల గోడకు అంటిస్తే, ఆ తప్పు పోయేదాకా ఆట బయటికి వెళ్ళకూడదు. అంటించినవాళ్ళు తప్ప దాన్ని ఎవరూ పీకకూడదు, డైరెక్టర్ గారు కూడా. ఈ పద్ధతి పెట్టింది మేస్త్రీ గారే, మొదటి ఏడాదిలో. మూడేళ్ళలో నేను ఒక్కటీ వాడలేదు. తొందర నన్ను ఎప్పుడూ ఏడిపించేవాడు, ఆ చీటీలు దాచి పుస్తకంలో గుర్తుకు పెట్టుకుంటుందని. అది నిజమే. (నవ్వులు)

ఈ ఉదయం తొమ్మిదింటికి ఒకటి అంటించాను. "పదిహేడో వీధి మలుపులో ఉన్నామె ఈ ఆటలో మనిషి కాదు. పంపించేయండి" అని రాశాను. తొందర చదివాడు. వాడు జీవితంలో మొదటిసారి తొందరపడలేదు. కుర్చీ తిప్పి నన్ను కాసేపు చూసి, "పోస్టరు కట్టేశారు తెలుసుగా" అన్నాడు. తెలుసన్నాను. పదకొండు గంటలకల్లా తీసేశాడు. గీసిన మూల బొమ్మతో సహా. తప్పు నాది, వాడిది కాదు, కాగితం మీద నా పేరే ఉంది.

డైరెక్టర్ గారూ, ఈ విషయం మీకు ఇప్పుడే తెలుస్తోంది. ముందుగా మీ గదికి వచ్చి చెప్పడం మర్యాద. తలుపు దాకా రెండుసార్లు వచ్చాను. రెండుసార్లూ వెనక్కి తిరిగాను. చేతిలో కాగితం ఉంటేనే నాకు మాట వస్తుంది, అందుకని ఇక్కడ చెబుతున్నాను. మీరు ఏ శిక్ష వేసినా సరే, ఆ చీటీ మాత్రం నేను పీకను.

మేస్త్రీ గారూ, మీరు ఇందాకటినుంచి తల దించుకునే ఉన్నారు. మీరు అడిగిన పని అయిపోయింది. ఇక మీరు ఇంట్లో నిశ్చింతగా ఉండండి. మీరు కట్టిన ఊరు బాగుంది. లోపాలున్నాయి, గురి కుదరదు, వీధులు కలిసిపోతాయి. అయినా ఎవరైనా అడిగితే, ఆ ఊళ్ళో మూడేళ్ళు ఉన్నాను, మనుషుల్ని ఎరిగినవాడు కట్టిన ఊరు అని చెబుతాను.

ఇంతసేపు ఓపిగ్గా కూర్చున్న పెద్దలకు, మైకు ఎత్తు తగ్గించి పెట్టిన అన్నయ్యకు, చల్లారిన టీ తాగిన మిత్రులకు కృతజ్ఞతలు. నాకు సెలవు ఇప్పించండి.

ఇక్కడికి వచ్చే ముందు ఆ మలుపుకు వెళ్ళి చూశాను. మెట్టు మీద ఎవరూ లేరు. జనం మాత్రం, అలా నడవమని ప్రోగ్రాములో ఎవరూ రాసిపెట్టకపోయినా, ఆ చోటు తొక్కకుండా చుట్టి నడుస్తున్నారు. అది నేను ఏ జాబితాలోనూ రాయలేదు.